ఆలివ్ తోటల దారిలో పిండి బాణాలు

అల్ బాహా,
12 అక్టోబరు 2025, ఆదివారం.

రాయచోటిలో పుట్టి, రియాద్ సులైలో నాతో పదకొండేళ్ళు ఒకే గదిలో ఉండి, తర్వాత ఈ కొండ మీద సైకిల్ టూర్ల కంపెనీలోనూ నాతోనే పనిచేసి, ప్రస్తుతం జెద్దాలో నా మీద కోపంతో కాలం గడుపుతున్న అబ్దుల్ ఖాదర్ గారికి, మెట్‌పల్లి సైకిల్ టాక్సీ భూషణం నమస్కారం పెట్టి, సలాం కూడా చెప్పి రాయునది. ఇక్కడ నేను, నా మోకాళ్ళు, కంపెనీ వ్యాను క్షేమం. అక్కడ నువ్వు, నీ బీపీ, ఊళ్ళో చెల్లె తాజున్నీస, పిల్లలు క్షేమమని తలుస్తాను.

గారు అన్నానని నవ్వకు. పదో తరగతిలో మా తెలుగు సారు ఉత్తరమంటే ఇట్లాగే మొదలుపెట్టాలని నేర్పాడు. ఆ తర్వాత రాయాల్సిన పనే పడలేదు. ఇప్పుడు యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ కలం పట్టాను. ఇక్కడి నుంచి నువ్వు అనే రాస్తాను, గారు అంటుంటే వేరే ఎవరికో రాస్తున్నట్టుంది.

ఉత్తరం ఎందుకంటే, నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి. వాట్సాపులో పదకొండు నెలలుగా ఒక్క గీతే పడుతోంది. మొన్న వేరేవాళ్ళ నంబరు నుంచి చేస్తే నా దగ్గు గుర్తుపట్టి పెట్టేశావు. చివరికి మా ఉమారాణి మెట్‌పల్లి నుంచి రాయచోటికి ఫోను చేసింది. తాజున్నీసా తనూ కలిసి గంటసేపు మొగుళ్ళిద్దరినీ తిట్టుకున్నాక, నువ్వు పనిచేసే స్పేర్ పార్టుల దుకాణం ఎక్కడుందో కనుక్కుని చెప్పింది. ఈ ఉత్తరం నీ కౌంటరు మీద పెట్టే ఆవిడ పేరు గుల్షన్. హైదరాబాదులో పుట్టింది, జెద్దాలో పళ్ళ డాక్టరు. ఆమె ముందు మాత్రం దీన్ని చింపకు. నీ దవడ పన్ను సంగతి ఆమెకు చెప్పి ఉంచాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా కబుర్లు. వచ్చే నెల ఏడో తారీఖు శుక్రవారం ఈ సీజనులో మొదటి సైకిల్ టూరు. ఇరవై నాలుగు మంది వస్తున్నారు. ముందు సైకిలు ఎవరు తొక్కాలని మన కంపెనీ పెద్ద, ముదీర్ షరీఫ్ అడిగితే నేను నీ పేరే చెప్పాను. ఆయన కాదనలేదు. నువ్వు రావాలి. ఇప్పుడున్న కొలువు వదలమనడం లేదు, రెండు రోజులు సెలవు పెట్టి వస్తే చాలు. నువ్వు రాకపోతే ఆ దారిలో ముందు నడిచేది ఎవరైనా నాకు ఒకటే, నాకు పండగ కాదు.

ఇంతకీ ఆ దారి ఎట్లుంటుందో నీకు తెలియదు. నువ్వు కాగితం మీద గీసిన దారి కాదు ఇది. బురుజు దగ్గర కుడికి తిరిగే పాత దారి.

పోయిన నెల నేను మొదటిసారి దాన్ని మొత్తం తొక్కాను. వ్యాను తోలడం కాదు, సైకిలే. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు! నమ్మవని తెలుసు, అందుకే డాక్టరమ్మను సాక్షిగా పంపుతున్నాను. ఈ సైకిళ్ళకు ఇరవై రెండు గేర్లుంటాయి కదా, మా సైకిల్ టాక్సీలో గంటకింతని కిరాయికిచ్చే సైకిళ్ళకు ఉన్నది ఒక్కటే గేరు, తొక్కడం. నేను మొదటి ఎత్తు మీద ఇరవై రెండూ వాడేశాను. ఇరవై మూడోది ఉంటే బాగుండనిపించింది. అక్కడ కాసేపు దిగి, సైకిలు బాగోలేదన్నట్టు చైను వైపు చూస్తూ నిలబడ్డాను. మెకానిక్కు అయినందుకు అదొక్కటే లాభం, ఎక్కడ ఆగినా ఎవరూ ఏమనుకోరు.

ఆ ఎత్తు దాటాక మాత్రం, ఖాదర్, నేను గట్టిగా కేక పెట్టాను. కొండంతా మెట్లుమెట్లుగా రాతి గోడలు, గోడ గోడకూ ఆలివ్ చెట్లు. అడవి ఆలివ్ చెట్టు మొదలుకు మంచి రకం కొమ్మ అంటు కడతారట. కింద మొద్దు నల్లగా, ముసలిగా ఉంటుంది, పైన కొమ్మలు లేతగా వెండి రంగులో ఊగుతుంటాయి. దారి వాటి మధ్యలోంచే పోతుంది. రెండు చేతులూ చాస్తే రెండు పక్కలా ఆకులు తగులుతాయి. హ్యాండిలు మీంచి చెయ్యి మాత్రం తియ్యకు, పక్కన లోయ ఉంది. కింద తిహామా మైదానం వైపు నుంచి పొగమంచు లేచి, మన ముందే దారిని కప్పేసి, మనం బ్రేకు పట్టేలోపల మళ్ళీ తెరిచేస్తుంది. సులైలో శుక్రవారం పొద్దున గోడౌన్ల సందుల్లో నువ్వూ నేనూ తుక్కు సైకిళ్ళు తొక్కేవాళ్ళం గుర్తుందా? అప్పుడు నువ్వు, చెట్టనేది ఒక్కటన్నా కనపడితే బాగుండు గదన్నా అనేవాడివి. ఇక్కడ చెట్లు లెక్కపెట్టబోయి మూడో మలుపులో వదిలేశాను.

ఇక పోయిన ఏడు నవంబరు పదిహేను సంగతి. నీ వైపు కథ నీకు తెలుసు. ఆ రోజు కొండ మీద ఏం జరిగిందో మాత్రం నీకు ఎవరూ చెప్పలేదు, చెప్పే వీలు నువ్వు ఇవ్వలేదు.

లోయలో ఫోను సిగ్నలు రాదు. రోడ్డు మీద రంగు వేయొద్దని షరీఫ్ అన్నాడు. సున్నంతో బాణాలు గీయమని నువ్వు నాకు చెప్పావు. నేను గురువారం సాయంత్రం బయల్దేరేసరికి సున్నం సంచి అడుగంటింది. వంద మీటర్ల దూరంలో మలయాళీవాళ్ళ బకాలా కొట్టు ఉంది, అందులో పుట్టు చేసుకునే బియ్యప్పిండి ఉంది. మా అక్క దగ్గర ముగ్గు వేయడం నేర్చుకున్న చెయ్యి కదా, మలుపు మలుపుకూ తెల్లగా బాణాలు వేశాను. బురుజు దగ్గర, దారి రెండుగా చీలే చోట, డ్యాము వైపు ఎడమకు మూడు బాణాలు వేసి పక్కన చుక్కలు కూడా పెట్టాను. శుక్రవారం పొద్దున ఆ మూడూ లేవు. బురుజు మీద మాత్రం కోతుల మంద కూచుని ఒళ్ళు గోక్కుంటోంది. కోతులు తిన్నాయని అందరికీ చెప్పాను. నీకూ అదే చెప్పాను.

ఆ పొద్దున పదకొండు మంది ముందు పోయారు, నేను వ్యానులో వెనక. చివరాయన సైకిలు పంచరైతే వేసి పంపి, సామాను సర్దుకుని బురుజు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఒక్కరూ లేరు. ఎడమకే పోయుంటారనుకుని డ్యాము దగ్గరికి దిగాను. అక్కడ నువ్వు, షరీఫ్, ఆయన పిలిచిన ఇద్దరు పెద్దమనుషులు, చల్లారిపోతున్న బిర్యానీ. పదకొండు మందిలో ఒక్కరూ రాలేదు. ఒంటి గంటయింది, రెండయింది. ఆ పెద్దమనుషుల ముందే, పటం గీసింది నువ్వే కదా అని షరీఫ్ నీ మీద అరిచాడు. నువ్వు కంపెనీ టోపీ తీసి బిర్యానీ డేగిసా మూత మీద పెట్టావు. నా వైపు తిరిగి, యోవ్ భూషణన్నా, నా మర్యాదను కోతులకు పెడ్తివే అన్నావు. నేను వాళ్ళను వెతకడానికి వ్యాను తిప్పాను. నేను కొండ దిగి వచ్చేలోపల నువ్వు జెద్దా బస్సెక్కావు.

ఇప్పుడు విను, ఆ పదకొండు మంది ఎక్కడున్నారో.

బురుజు దగ్గర వాళ్ళు ఆగనే లేదట. కుడి పక్క చెట్లు బాగున్నాయని, వాళ్ళలోనే ఉన్న ఈ డాక్టరమ్మ అటు తిరిగింది, మిగతావాళ్ళు ఆమె వెనక. రెండు కిలోమీటర్లు పోయాక ఒక రాతి ఇల్లు, ఇంటి ముందు తోట. ఆ తోట నౌమాన్ అని ఒక ముసలాయనది. ఎనభై దాటి ఉంటాయి, నడుముకు తోలుపట్టీ, మాట మాటకూ చేతికర్ర నేలకు కొట్టడం. కొడుకులు రియాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. కాయలు పండి రాలిపోతున్నాయి, కోసేవాళ్ళు లేరు. కూలీలను పంపిస్తామని ఎవరో మాట ఇచ్చారట, వారం నుంచి ఆయన దారి వైపు చూస్తూ కూచున్నాడు. సరిగ్గా ఆ పొద్దున మనవాళ్ళు దిగారు. ఒంటికి అతుక్కుపోయిన రంగు రంగుల బట్టలు, నెత్తిన హెల్మెట్లు, చేతులకు గ్లౌజులు. పట్నం కూలీలు ఇట్లుంటారు కాబోలు అనుకున్నాడాయన. ఆలస్యంగా వచ్చారని ముందు నాలుగు తిట్టాడు. తర్వాత చెట్ల కింద పరదాలు పరిపించి, మనిషికో కర్ర ఇచ్చి, యల్లా, కానివ్వండి అన్నాడు.

మనవాళ్ళు ఏమనుకున్నారో తెలుసా? ఇది కూడా టూరులో భాగమే అనుకున్నారు!

నేను వ్యానేసుకుని పోయేసరికి నాలుగు గంటల పని అయిపోయింది. బ్యాంకులో పెద్ద ఆఫీసరు పరదా కొస పట్టుకుని కాయలు ఒక్కచోటికి చేరుస్తున్నాడు. డాక్టరమ్మ నిచ్చెన మీద ఉంది, పై కొమ్మ తనకే కావాలని ఎవరితోనో పోట్లాడుతోంది. నన్ను చూడగానే, భూషణం భాయ్, ఈ ప్రోగ్రాం పెట్టిందెవరు, ఆయనకు దండం పెట్టాలె అంది. నౌమాన్ తాత మాత్రం నన్ను మేస్త్రీ అనుకుని కర్రతో నేల కొట్టి, ఇండియావాళ్ళను పిలిచినట్టే యా హిందీ, వీళ్ళు మంచివాళ్ళే కానీ పాటలెక్కువ, పని తక్కువ అని ఫిర్యాదు చేశాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేను నోరు తెరిచి నిజం చెప్పేలోపల ఆయన వేడి రొట్టె, అప్పుడే తీసిన నూనె, తేనె తెచ్చి అందరి ముందూ పెట్టాడు. ఆ నూనె నాలుక మీద పచ్చిగా ఉండి గొంతు దగ్గర మిరియంలా గిల్లుతుంది. పదకొండు మందీ గిన్నెలు నాకినంత పని చేశారు.

వాళ్ళు కూలీలు కాదని నేను చెప్పినప్పుడు తాత భుజాలు ఊగేట్టు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నా కొడుకులకు కూడా ఇట్లాగే ఎవరైనా దారి తప్పించండి అన్నాడు.

వారం తిరక్కుండా పదకొండు మందీ షరీఫ్‌కు రాశారు. డ్యాము సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మళ్ళీ కాయలు కోయడానికి ఎప్పుడు తీసుకెళ్తారనే అడిగారు. షరీఫ్ ఆ ఉత్తరాలు నా చేత చదివించుకున్నాడు, మొహం చూడాల్సింది. రెండుసార్లు నీకు ఫోను చేశాడు, నువ్వు ఆయన్నూ ఆపేశావు. ఆయన మొండితనం నీకు తెలిసిందే. మూడోసారి చేయనన్నాడు, కానీ ఖాదర్ వస్తే అందరి ముందూ తప్పు నాదేనని చెప్తానన్నాడు. ఇది నా కల్పన కాదు, డాక్టరమ్మను అడుగు. ఇప్పుడు ఆ దారి మా ముఖ్యమైన దారి అయింది. పొద్దున సైకిళ్ళు, మధ్యాహ్నం దాకా కాయకోత, తర్వాత తాత రొట్టె. ఈసారి ఆయన ఇరవై నాలుగు కర్రలు చెక్కి పెట్టాడు. పాటలు పాడేవాళ్ళను వేరే చెట్టు కింద నిలబెడతానని ఇప్పుడే హెచ్చరిస్తున్నాడు.

నా పాండిత్యం కూడా కొంచెం చెప్పాలి. ఆ రోజు తాత నాకు పచ్చి కాయలు ఒక సంచి ఇచ్చాడు. చూడటానికి మన పచ్చి రేగుకాయలే. నేను గదికి తెచ్చి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె వేసి ఊరబెట్టాను. ఉమారాణికి వీడియోలో చూపిస్తే, ఉప్పు తక్కువ పడ్డదని కూడా చెప్పింది. మూడో రోజు వేడన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేపాకు నయం. సాయంత్రం దాకా నీళ్ళు తాగినా చేదుగానే ఉన్నాయి. తాతకు చెప్తే జాలిపడ్డాడు. ప్రతి కాయనూ రాయితో చితక్కొట్టి, పదిహేను రోజులు పూట పూటా నీళ్ళు మార్చాలట. ఈసారి అట్లాగే చేసి, మన కారం పెట్టాను. ఒక సీసా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీకు కారం చాలదని తెలుసు, రాయచోటి వాళ్ళకు ఎంత వేసినా చాలదు. పైన ఇంత చల్లుకో.

నువ్వు పోయాక గదిలో నీ మంచం అట్లాగే ఉంది. కొత్త మనిషిని వేస్తామంటే, దాని మీద టైర్లు పెట్టుకున్నానని చెప్పి రానివ్వలేదు. సాయంత్రం టీ పెడితే ఇప్పటికీ చెయ్యి రెండు గ్లాసులు తీస్తుంది. నీ పచ్చి తిట్లు లేక నా తెలుగు చప్పబడిపోయింది. ఇక్కడ అందరితో హిందీ, ఉర్దూ, చేతులు తిప్పడం. నిన్న ఒక గంట నాలో నేనే పోట్లాడుకున్నాను, నీ వంతు మాటలు కూడా నేనే అనుకుని. అందులోనూ నువ్వే గెలిచావు.

సున్నం కొనకుండా పిండి చల్లింది నేనే. తిట్లు మాత్రం నువ్వు పడ్డావు. ఆ రోజు షరీఫ్ అరుస్తుంటే మధ్యలోకి వచ్చి, తప్పు నాది అనాల్సింది. నోరు రాలేదు. దానికి నీకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. వట్టి మాటగా కాదు, నిజంగా.

ఏడో తారీఖు పొద్దున ఆరింటికి బయల్దేరతాం. నువ్వు ముందు తొక్కు, నేను అందరి కంటే వెనక వస్తాను, ఎక్కువ వెనకబడితే ఏమనుకోకు. నీ సైకిలు సీటు నీ ఎత్తుకు సరిచేసి పెట్టాను. వస్తున్నట్టు డాక్టరమ్మతో ఒక్క మాట చెప్పి పంపు, చాలు.

ఇట్లు,
నీ మీద కోపం లేనివాడు, నీ కోపం పోవాలని కోరేవాడు,
భూషణం.

తా.క.: సంతకం పెట్టి కవరు అంటించాక మళ్ళీ చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ నిజం మొత్తం లేదు.

కోతులు ఆ పిండి ముట్టలేదు. శుక్రవారం పొద్దున అందరికంటే ముందు పోయి, బురుజు దగ్గర మూడు బాణాలనూ వ్యానులోని చీపురుతో ఊడ్చింది నేనే.

గురువారం బాణాలు వేయడానికి పోయే ముందు ఆఫీసు బయట షరీఫ్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నాను. రేపటి రైడు బాగా జరిగితే ఖాదర్‌ను జెద్దా ఆఫీసుకు మేనేజరుగా పంపిస్తున్నానని చెప్తున్నాడు. నీకు అప్పటికి తెలియదు. నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ఇంక సాయంత్రం ఎవరితో మాట్లాడాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. దారి తెలియక బురుజు దగ్గర అరగంట ఆగిపోతారు, నేను వెనక నుంచి వచ్చి సరిచేస్తాను, షరీఫ్ కొంచెం సణుగుతాడు, నువ్వు ఇంకో ఏడాది ఇక్కడే ఉంటావు అనుకున్నాను. నిన్ను అందరి ముందూ అంత మాటంటాడని అనుకోలేదు. నిన్ను ఉంచుకోవాలని చేసిన పనితో నిన్ను నేనే వెళ్ళగొట్టుకున్నాను.

ఈ పొద్దున షరీఫ్‌కు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఖాదర్‌కు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. నాకు కాదు, ముందు ఆయనకు చెప్పు అన్నాడు. తర్వాత, జెద్దాలో ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని, అది నీదేనని, రైడు అయ్యాక నీతో మాట్లాడతానని అన్నాడు.

కాబట్టి నువ్వు వస్తే మళ్ళీ పోతావు. తెలిసే పిలుస్తున్నాను. మేనేజరుగా దర్జాగా పో ఖాదర్. కాకపోతే ఈసారి చెప్పి పో, నీ సంచి పట్టుకుని బస్సు దాకా నేను వస్తాను.